పాత కారు బ్రేక్ ఆయిల్ వ్యవస్థ: తనిఖీ నుంచి ఎయిర్ తీయడం వరకు సమగ్ర మార్గదర్శి

పాత కారును శ్రద్ధగా చూసుకునేవారికి ఇంజిన్ ఆయిల్ మార్చిన తేదీ గుర్తుంటుంది. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం చాలామంది "తగ్గినప్పుడల్లా పోయిస్తూనే ఉన్నాం" అంటారు. పోయించడం వేరు, మార్పించడం వేరు. బ్రేక్ వ్యవస్థ మూసి ఉండే వ్యవస్థ. ఇంజిన్ ఆయిల్‌లా అందులోని ద్రవం మండి తరిగిపోదు. బానెట్ కింద ద్రవం నిలిచి ఉండే డబ్బాలో (రిజర్వాయర్‌లో) మట్టం తగ్గిందంటే సాధారణంగా కారణం రెండింటిలో ఒకటి: బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి, వాటి వెనుక ఏర్పడిన ఖాళీలోకి ద్రవం దిగడం, లేదా ఎక్కడో కారడం. మొదటిదైతే పోయాల్సిన అవసరం చాలావరకు ఉండదు, రెండోదైతే పోసి ఊరుకోవడం ప్రమాదకరం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఈ మార్గదర్శిలో చెప్పబోయే పనులన్నీ ఎందుకు చేస్తున్నామో తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక్కడ పాత కారు అంటే నా దృష్టిలో ఉన్నది 1990లలోనూ 2000ల తొలి సంవత్సరాలలోనూ కొని, ఇంకా నడుపుతున్న చిన్న కార్లు: ముందు చక్రాలకు డిస్క్, వెనుక చక్రాలకు డ్రమ్ ఉండి, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లేనివి. మారుతి 800 వీటికి మంచి ఉదాహరణ. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి వరకు తయారైన ఆ కార్లు మన జిల్లాల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉంటాయి గనుక, అక్కడ షూల (డ్రమ్‌ను లోపలి నుంచి ఒత్తి పట్టే బ్రేక్ భాగాల) సర్దుబాటు పని అదనంగా వస్తుంది. తక్కిన పద్ధతి అదే.

ద్రవం ఎందుకు పాడవుతుంది

మన కార్లలో వాడే బ్రేక్ ఆయిల్‌ను ఆయిల్ అని పిలుస్తున్నామే గానీ అది నూనె కాదు. గ్లైకాల్ ఈథర్ జాతికి చెందిన ద్రవం, నీటిలో కలిసిపోతుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో మూతపెట్టిన డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లినట్టే, రిజర్వాయర్ మూతకున్న సన్నని గాలి దారి గుండా, రబ్బరు హోస్‌ల గోడల గుండా కూడా తేమ నెమ్మదిగా లోపలికి చేరుతుంది. కారు తిప్పకుండా ఇంటి ముందు నిలిపి ఉంచినా ఇది ఆగదు. అందుకే బ్రేక్ ఆయిల్‌ను కిలోమీటర్లను బట్టి కాక కాలాన్ని బట్టి మార్చాలి. రెండేళ్లకోసారి మార్చడం సరైన అలవాటు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల్లో ఉండేవారు ఆ గడువును అస్సలు దాటనివ్వకూడదు.

తేమ చేరితే రెండు నష్టాలు. మొదటిది మరుగు స్థానం పడిపోవడం. బ్రేక్ ద్రవాల రకాలను తెలిపే డాట్ ప్రమాణాల్లో డాట్ 3 ప్రకారం కొత్త ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. అందులో సుమారు 3.7 శాతం నీరు చేరాక అదే కనీస పరిమితి 140 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. మామూలు ఊరి రోడ్ల మీద ఈ తేడా తెలియదు. తిరుమల నుంచో శ్రీశైలం నుంచో అరకు నుంచో కారు నిండా మనుషులతో, పైన సామానుతో ఘాట్ దిగుతూ, గేరు తగ్గించకుండా బ్రేక్ మీదే కాలు పెట్టి వస్తే ముందు డిస్క్‌ల వేడి ప్యాడ్ల మీదుగా, వాటిని డిస్క్‌కు నొక్కే క్యాలిపర్‌లోకి పాకి, అక్కడి ద్రవం ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. కాబట్టి పెడల్ తొక్కితే ఆ బలం బుడగలను నలపడానికే సరిపోయి, పెడల్ నేలకు తాకుతుంది, కారు ఆగదు. కొంతసేపు ఆగి చల్లారాక పెడల్ మళ్లీ మామూలుగానే ఉంటుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్‌కు తప్పేమీ కనిపించదు. ఘాట్ దారిలో ఒకసారి పెడల్ పోయి, తర్వాత దానంతట అదే బాగైన కారుకు ఇంకేమీ చూడకముందే ఆయిల్ మార్చాలి.

రెండో నష్టం లోపలి తుప్పు. అది నిశ్శబ్దంగా సాగేది, ఖర్చు పెంచేదీ అదే. నీరు కలిసిన ద్రవం ఉక్కు పైపులను, డ్రమ్‌లో షూలను నెట్టే వీల్ సిలిండర్ల లోపలి గోడను, క్యాలిపర్ పిస్టన్‌ను లోపలి నుంచి తినేస్తుంది. నున్నగా ఉండాల్సిన గోడ మీద చిన్న చిన్న గుంటలు పడితే, వాటి మీద అటూ ఇటూ జరిగే రబ్బరు వాషర్ కోసుకుపోయి లీకు మొదలవుతుంది.

ఏ ఆయిల్ కొనాలి

రిజర్వాయర్ మూత మీద రాసి ఉన్న రకమే మొదటి మాట. డాట్ 3 అని ఉన్న కారులో డాట్ 4 వాడవచ్చు, రెండూ ఒకే జాతివి, కలుస్తాయి. అయితే డాట్ 4 పోశాం కదా అని మార్చే గడువు పొడిగించకూడదు. డాట్ 5 మాత్రం సిలికాన్‌తో చేసిన వేరే ద్రవం. ఇది గ్లైకాల్ ద్రవంతో కలవదు, కాబట్టి దాని జోలికి పోవద్దు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది గ్లైకాల్ జాతిదే.

సీల్ తీసి అల్మారాలో సగం మిగిల్చిన పాత డబ్బాను వాడవద్దు. తేమ ఆ డబ్బాలోకీ చేరుతుంది. చిన్న కారులోని ద్రవమంతా మార్చడానికి ఒక లీటరు సరిపోతుంది గనుక, సీల్ చెక్కుచెదరని అరలీటరు డబ్బాలు రెండు కొని, రెండోది అవసరమైతేనే తెరవడం మంచిది.

ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, గ్రీజు, డీజిల్, కిరోసిన్ వంటి పెట్రోలియం సరుకు ఏదీ, ఒక్క చుక్క కూడా, ఈ వ్యవస్థలోకి పోకూడదు. బ్రేక్ వాషర్లకు వాడే రబ్బరు వాటిని తట్టుకోలేక ఉబ్బిపోతుంది. ఇంజిన్ ఆయిల్ పోసిన గరాటాను తుడిచి బ్రేక్ ఆయిల్‌కు వాడినా ప్రమాదమే. ఎవరైనా పొరపాటున వేరే నూనె పోసి ఉంటారన్న అనుమానం ఉంటే మూత తీసి దాని అడుగున ఉన్న రబ్బరును చూడండి. అది ఉబ్బి, మెత్తబడి, ముడతలు పడి కనిపిస్తే నష్టం లోపలి వరకు పాకిందని అర్థం. అప్పుడు ఆయిల్ మార్చినంత మాత్రాన చాలదు, పైపులు కడిగించి హోస్‌లతో సహా ప్రతి రబ్బరు భాగాన్నీ మార్చాలి.

పెడల్ పరీక్ష

స్పానర్ పట్టేముందు డ్రైవర్ సీట్లో కూర్చుని ఈ పరీక్ష చేయాలి. ఇంజిన్ ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి వదిలితే బ్రేక్ బూస్టర్‌లో (వ్యాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే భాగంలో) మిగిలిన వ్యాక్యూమ్ పోయి పెడల్ గట్టిపడుతుంది. అప్పుడు మామూలుగా బ్రేక్ వేసేంత బలంతో తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోవాలి. పెడల్ కదలకుండా నిలిస్తే మంచిది. కాలి కింద మెల్లమెల్లగా దిగుతుంటే ఎక్కడో ద్రవం తప్పించుకుంటోంది: బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ద్రవాన్ని పైపుల్లోకి నెట్టే ప్రధాన సిలిండర్) లోపలి వాషర్లు అరిగి ద్రవం ఒక గది నుంచి మరో గదిలోకి జారుతోందన్నమాట. పెడల్‌ను నొక్కి ఉంచే ఇంజిన్ స్టార్ట్ చేస్తే, పెడల్ కొద్దిగా కిందికి దిగి ఆగాలి. అలా దిగడం బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు, దానిని చూసి కంగారుపడనక్కర లేదు.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే వ్యవస్థలో గాలి ఉంది, లేదా పాత హోస్ ఒత్తిడికి ఉబ్బుతోంది. మొదటి తొక్కుకు చాలా కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వచ్చి గట్టిగా ఉంటే చాలాసార్లు కారణం ఆయిల్ కాదు, వెనుక డ్రమ్ములకూ షూలకూ మధ్య ఎడం పెరగడం. దీనికి ఎయిర్ తీస్తూ (పైపుల్లోని గాలిని బయటికి పంపుతూ) కూర్చోవడం వృథా, ముందు షూలు సర్దుబాటు చేయాలి.

చక్రాలు విప్పి చూడాల్సినవి

సమతలంగా ఉన్న గట్టి నేల మీద, నేలనంటి ఉండే చక్రాలకు ముందూ వెనుకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టి, జాకీతో ఎత్తిన వెంటనే స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చేయి పెట్టకూడదు. వెనుక డ్రమ్ములు తీయాలంటే హ్యాండ్ బ్రేక్ వదలాలి, కాబట్టి ముందు చక్రాలకు అడ్డు తప్పనిసరి.

ముందు వైపు హోస్‌లను వేళ్లతో వంచి చూడండి. నిటారుగా ఉన్నప్పుడు కనిపించని సన్నని పగుళ్లు వంచినప్పుడు నోరు తెరుస్తాయి. ఎవరినైనా పెడల్ గట్టిగా తొక్కమని, హోస్ ఎక్కడైనా ఉబ్బుతోందేమో చేత్తో పట్టుకుని గమనించండి. హోస్ పైకి బాగానే ఉండి లోపలి పొర ఊడిపోయే సందర్భాలూ పాత కార్లలో తక్కువేమీ కాదు. ఆ ఊడిన పొర వాల్వులా అడ్డుపడి ద్రవాన్ని చక్రం వైపు పోనిచ్చి, వెనక్కి రానివ్వదు. అప్పుడు బ్రేక్ పట్టుకుపోయి, ఆ ఒక్క చక్రమే వేడెక్కుతుంది. దీన్ని తేల్చడానికి ఒక చక్కని మార్గం ఉంది. పట్టుకుపోయిన చక్రం బ్లీడ్ నిపుల్‌ను (ద్రవాన్ని, గాలిని బయటికి వదిలే చిన్న మరను) కొద్దిగా వదులు చేయండి. ద్రవం చిమ్మి చక్రం వెంటనే తిరిగితే, లోపల ఒత్తిడి చిక్కుకుపోయింది. నిపుల్ వదులు చేసినా తిరగకపోతే పిస్టనో, క్యాలిపర్ పిన్నులో తుప్పుపట్టి బిగుసుకున్నాయి. ఒత్తిడే చిక్కుకుందని తేలితే, తర్వాత అలాగే బ్రేక్ పట్టినప్పుడు మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు నట్టును వదులు చేసి చూడాలి. అక్కడ వదిలితే చక్రం విడిపోతే తప్పు మాస్టర్ సిలిండర్‌ది, విడిపోకపోతే హోస్‌ది. ఈ పరీక్ష చేయకుండా క్యాలిపర్ మార్చేసి డబ్బు పోగొట్టుకునేవారు చాలామంది.

వెనుక డ్రమ్ తీశాక వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉన్న దుమ్ము రబ్బరు తొడుగు అంచును మొద్దు స్క్రూడ్రైవర్ మొనతో కొంచెం పైకి లేపి చూడండి. లోపల పొడిగా ఉండాలి. సన్నని చెమ్మ కనిపిస్తే జాగ్రత్త పడాలి, తొడుగు లేపగానే ద్రవం జారితే ఆ సిలిండర్ పని అయిపోయింది. ఈ లీకు బయటికి కనిపించదు. చక్రం లోపలి వైపు మరక పడేసరికి షూలు ఆయిల్‌తో తడిసి ఉంటాయి. తడిసిన షూలను పెట్రోలుతో కడిగి, ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ బిగించడం మన షెడ్లలో మామూలే గానీ, షూల మీది లైనింగ్‌లోకి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకి తేలుతుంది. రెండు వైపులా షూల సెట్టు మార్చడమే సరైన పని. డ్రమ్‌లోని దుమ్మును ఊదవద్దు. పాత లైనింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు గనుక తడి గుడ్డతో తుడవాలి.

ఇంకొక చోటు చాలామంది చూడరు: కారు లోపల బ్రేక్ పెడల్ పైభాగం. మాస్టర్ సిలిండర్ వెనుక వాషర్ పోతే బూస్టర్ లేని కారులో ద్రవం పుష్ రాడ్ (పెడల్‌ను సిలిండర్‌కు కలిపే కడ్డీ) వెంబడి కాళ్ల దగ్గరికి కారుతుంది. బూస్టర్ ఉన్న కారులో బూస్టర్‌లోకే పోతుంది, కింద చుక్క పడదు, మట్టం మాత్రం తగ్గుతుంది. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌ను తాకే అతుకు కింద పెయింట్ ఉబ్బి లేచిపోయి ఉంటే అనుమానం నిజమే.

ఈ తనిఖీలో ఎక్కడ లీకు కనిపించినా దాన్ని బాగుచేసే వరకు కారు రోడ్డెక్కకూడదు, "షెడ్డు వరకే కదా" అని కూడా.

పాత ఆయిల్ తీసి కొత్తది ఎక్కించడం

కావలసినవి: నిపుల్ సైజుకు సరిపోయే రింగ్ స్పానర్ (చిన్న కార్లలో ఎక్కువగా 8 లేదా 10 మిల్లీమీటర్లు), నిపుల్‌కు బిగుతుగా పట్టే పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ ట్యూబు, ఒక సీసా, సూది లేని పెద్ద సిరంజి, శుభ్రమైన గుడ్డలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది కాబట్టి ఫెండర్ మీద గుడ్డ కప్పి, ఒక బకెట్ నీళ్లు పక్కనే ఉంచుకోవాలి. చుక్క పడిందంటే తుడవడం కన్నా ముందు ధారాళంగా నీళ్లు పోయాలి.

ఒకరోజు ముందే నాలుగు నిపుళ్ల చుట్టూ వైరు బ్రష్‌తో మట్టి దులిపి, తుప్పు వదిలించే స్ప్రేను మర మొదట్లో మాత్రమే కొద్దిగా కొట్టి ఉంచాలి. మరునాడు ఓపెన్ స్పానర్‌తో కాక రింగ్ స్పానర్‌తో, ఒక్కసారిగా లాగకుండా కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ తీయాలి. నిపుల్ మెలితిరుగుతున్నట్టు చేతికి తెలిస్తే అక్కడే ఆపండి. నిపుల్ ఖరీదు స్వల్పమే, అది లోపల విరిగితే సిలిండరో క్యాలిపరో మార్చాలి. నాలుగు నిపుళ్లూ కదులుతాయని నిర్ధారించుకున్నాకే తర్వాతి పనికి పోవాలి.

ఇప్పుడు రిజర్వాయర్ మూత చుట్టూ తుడిచి, తెరిచి, సిరంజితో పాత ద్రవాన్ని లాగేయండి. మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే రంధ్రాలు మాత్రం మునిగే ఉండాలి. అడుగున నల్లని మడ్డి ఉంటే నూలు పోగులు రాలని గుడ్డతో తీయాలి. తర్వాత కొత్త ఆయిల్‌ను గరిష్ఠ గీత వరకు పోసి మూతను ఊరికే పెట్టి ఉంచాలి. ఇలా ముందే డబ్బా ఖాళీ చేయకపోతే అందులోని మురికినంతా పైపుల గుండా చక్రాలకు పంపినట్టవుతుంది.

మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం వాడుకలో ఉన్న క్రమం. కుడివైపు స్టీరింగ్ ఉండే మన కార్లలో అది వెనుక ఎడమ, తర్వాత వెనుక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. బ్రేక్ పైపులు మూలకు మూలగా విడిపోయే కొన్ని కార్లకు తయారీదారులు వేరే క్రమం చెబుతారు. మీ కారు మాన్యువల్‌లో అలా ఉంటే దాన్నే పాటించాలి.

ఈ పనికి ఇద్దరు కావాలి. తమ్ముడినో ఇంట్లో ఇంకెవరినో పెడల్ దగ్గర కూర్చోబెట్టి, పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టాలి. పాత కార్లలో ఈ చెక్కముక్క చాలా ముఖ్యం. రోజువారీ వాడకంలో మాస్టర్ సిలిండర్ వాషర్లు గోడలో ఒక భాగం మీదే తిరుగుతాయి, ఆ అవతలి భాగం ఏళ్ల తరబడి తుప్పు, మడ్డి పట్టి ఉంటుంది. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కితే వాషర్ అంచు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది. "ఆయిల్ మార్పించిన మరునాడే మాస్టర్ సిలిండర్ పోయింది" అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

నిపుల్‌కు రింగ్ స్పానర్ తొడిగి, దాని మీదుగా ట్యూబు పెట్టి, రెండో చివరను కొద్దిగా కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. "తొక్కు" అన్నప్పుడు పెడల్ దగ్గరి మనిషి నెమ్మదిగా తొక్కి, "పట్టాను" అని పైకి చెప్పాలి. అప్పుడు నిపుల్‌ను పావు వంతు నుంచి సగం చుట్టు వరకు తెరవాలి. ద్రవం ట్యూబులోకి వచ్చి పెడల్ చెక్కకు తాకుతుంది. నిపుల్ మూసేశాకే "వదులు" అనాలి. మూయకముందు పెడల్ వదిలితే గాలినో పాత ద్రవాన్నో వెనక్కి లాగేసుకుంటుంది. మాటలు పైకి అనుకుంటూ చేయడం చిన్నతనంగా అనిపించవచ్చు గానీ, చక్రం దగ్గర వంగి ఉన్నవారికి పెడల్ కనిపించదు.

మొదట వచ్చేది ముదురు గోధుమ రంగు ద్రవం. తుప్పు రేణువులు, అక్కడక్కడా బుడగలు కూడా రావచ్చు. రంగు తేలిక పసుపుకు మారి, బుడగలు ఆగాక ఇంకో రెండు మూడు తొక్కుళ్లు చేసి నిపుల్ బిగించాలి. ఆరేడు తొక్కుళ్లకోసారి రిజర్వాయర్ చూసి నింపుతూ ఉండాలి. అది ఒక్కసారి ఖాళీ అయి గాలి పీల్చుకుంటే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. నిపుల్ బిగింపుకు మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు. దుమ్ము పోకుండా రబ్బరు టోపీ తిరిగి పెట్టండి.

ఎయిర్ పోకపోతే

నాలుగు చక్రాలూ పూర్తయ్యాక కూడా పెడల్ మెత్తగానే ఉంటే కొన్ని సంగతులు చూడాలి. డ్రమ్ షూల ఎడం సరిచేశారా, క్యాలిపర్లను విప్పి ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి బిగించారా అన్నవి మొదటివి. అలా మారితే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైనే ఉండిపోతుంది. నిపుల్ ఎప్పుడూ పైభాగాన ఉండాలి. వెనుక ఇరుసు దగ్గర బరువును బట్టి పనిచేసే వాల్వు ఉన్న వ్యానులలో, జీపులలో ఇరుసు వేలాడుతుంటే వెనుకకు ద్రవం సరిగా పోదు. అప్పుడు ఇరుసు కింద స్టాండ్లు పెట్టి, బండి బరువు స్ప్రింగుల మీద పడేలా చేసి ఎయిర్ తీయాలి. మాస్టర్ సిలిండర్ కొత్తగా వేసి ఉంటే, దాన్ని బిగించక ముందు వైస్‌లో పట్టి, రంధ్రాల నుంచి రిజర్వాయర్‌లోకి చిన్న ట్యూబులు పెట్టి, పిస్టన్‌ను నెమ్మదిగా నెడుతూ దానిలోని గాలిని ముందే తీయడం అవసరం.

కిట్లు, కొత్త సిలిండర్లు, పైపులు

వాషర్ల కిట్ వేయాలా, సిలిండర్ మొత్తం మార్చాలా అన్నది లోపలి గోడ చూస్తే తెలిసిపోతుంది. విప్పి, బ్రేక్ ఆయిల్‌తోనో బ్రేక్ క్లీనర్‌తోనో కడిగి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. గోడ నున్నగా మెరిస్తే కిట్ చాలు. వేలిగోరు తగిలే గుంట ఒక్కటి ఉన్నా కొత్త సిలిండర్ వేయాలి. ఎమరీతో రుద్ది సరిపెట్టడం, ముఖ్యంగా అల్యూమినియం మాస్టర్ సిలిండర్‌లో, కొద్ది నెలలు కూడా నిలవదు. కొత్త వాషర్లకు బ్రేక్ ఆయిల్ రాసి ఎక్కించాలి. భాగాలను పెట్రోలు, డీజిల్ పళ్లెంలో కడగవద్దని మెకానిక్‌కు ముందే స్పష్టంగా చెప్పండి. ఆయన నొచ్చుకున్నా ఫరవాలేదు.

ఉక్కు పైపులు క్లిప్పుల కింద, వెనుక ఇరుసు మీద మట్టి చేరే చోట్ల మొదట తుప్పు పడతాయి. పైపైన తుప్పు వేరు, గోకితే పొరలుగా ఊడే తుప్పు వేరు. రెండోదైతే పైపు మార్చాలి. దానికి ఫ్రిజ్ మెకానిక్‌లు వాడే మామూలు రాగి గొట్టం వేయించకండి. కదలికకు అది అలసి పగులుతుంది. బ్రేకుల కోసం చేసిన, చివరలు రెండు మడతలుగా ఫ్లేర్ చేసిన (అంచు వెడల్పు చేసిన) పైపే వేయాలి.

రోడ్డెక్కే ముందు, ఆ తర్వాత

చక్రాలు బిగించాక ఇంజిన్ ఆన్ చేసి, పెడల్‌ను బలంగా తొక్కి పట్టుకోమని చెప్పి, ప్రతి నిపుల్, ప్రతి అతుకు దగ్గర పొడి గుడ్డతో తుడిచి చూడాలి. మట్టాన్ని గరిష్ఠ గీత దగ్గర సరిచేసి మూత బిగించండి. ప్యాడ్లు సగం అరిగి ఉంటే గీతకు కొంచెం దిగువనే ఉంచడం మంచిది, లేదంటే కొత్త ప్యాడ్లు వేసే రోజున పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు ద్రవం పొంగి పెయింట్ మీద పడుతుంది. తర్వాత ఇంటి ముందే నడక వేగంతో నాలుగైదు సార్లు ఆపి, ఖాళీ రోడ్డు మీద వేగం కొంచెం కొంచెం పెంచుతూ చూడాలి. కారు ఒక పక్కకు లాగకూడదు, పెడల్ ప్రతిసారీ ఒకే ఎత్తులో అందాలి.

తీసిన పాత ద్రవాన్ని మురుగు కాలువలో పోయకండి, మళ్లీ వాడకండి, వాడిన ఇంజిన్ ఆయిల్‌లోనూ కలపకండి. వేరే సీసాలో పోసి, పేరు రాసి, వాడిన ఆయిల్ సేకరించే షెడ్డులో అప్పగించండి. పిల్లలకు అందనివ్వవద్దు, ఇది విషం. మార్చిన నెల, సంవత్సరం, డాట్ రకం ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించండి. మట్టం ఉన్న చోట రిజర్వాయర్ మీద మార్కర్‌తో సన్నని గీత గీసి, వారం తర్వాత ఉదయం పూట, కారు కదిలించక ముందు, ద్రవం ఆ గీత దగ్గరే ఉందో లేదో చూడండి. దిగి ఉంటే వెంటనే పోయకండి. మళ్లీ చక్రాలు విప్పి తడి ఎక్కడుందో వెతకండి.